బాపు కోసిన ఫోటోలు

మా బాపు తీసిన ఫోటోలు ఒక ఇనుప పెట్టెలో ఉన్నాయి. పెట్టె తెరిచి చూస్తే ప్రతి మూడు ఫోటోల్లో ఒకదానికి నలుచదరంగా కంత ఉంటుంది. కంత ఉన్నచోట ఒకప్పుడు ఎవరిదో ముఖం ఉండేది.

బాపుకు కరీంనగర్‌లో ముప్పై ఏళ్ళు ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు మాకు అన్నం పెట్టాయి. పని లేనప్పుడు మాత్రం పాత రీలు కెమెరా మెడలో వేసుకుని రోడ్డు మీద పడేవాడు. మిర్చిబండి, మంగలిషాపు, బస్సు కోసం నిలబడ్డ జనం, ఏది పడితే అది తీసేవాడు. ఎవరూ అడగని ఫోటోలు, ఎవరూ కొనని ఫోటోలు. వాటికి గిరాకీ ఒకే ఒక్క సందర్భంలో. ఎవరైనా చనిపోయినప్పుడు ఇంటివాళ్ళు వచ్చేవారు. "దండ ఎయ్యనీకె మా నాయినది ఒక్క ఫోటో గూడ లేదన్నా, నువ్వు మార్కెట్ల తీసినవట గదా" అనేవారు. బాపు పెట్టె తెరిచేవాడు. స్కేలు పెట్టి, బ్లేడుతో తల మట్టుకు కోసి, దాన్ని మళ్ళీ ఫోటో తీసి పెద్దది చేసి, వెనకంతా నీలిరంగు నింపి ఫ్రేము కట్టి ఇచ్చేవాడు. కోసిన ముక్క కూడా వాళ్ళకే ఇచ్చేసేవాడు.

"నెగటివ్ నుంచి ఇంకోటి కడగొచ్చు గదా బాపూ" అని చిన్నప్పటి నుంచి అడిగేదాన్ని.

"నెగటివ్ దొరికేసరికి వాళ్ళ దినాలు అయిపోతయి బిడ్డా."

రెండేళ్ళ క్రితం వానాకాలంలో స్టూడియో కప్పు కారి, ఆ నెగటివ్‌లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. స్టూడియో కూడా అప్పుడే మూతబడింది. ఇక మిగిలింది ఆ పెట్టెలోని ఫోటోలే.

నేను చదివిన డిగ్రీ కాలేజీ నుంచి మా మేడమ్ ఫోన్ చేసింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఊరు ఎట్లా ఉండేదో చూపిస్తూ ఫోటోల ప్రదర్శన పెడుతున్నామని, మా బాపువి పన్నెండు కావాలని అడిగింది. ప్రతి ఫోటో కింద ఆయన పేరు రాస్తారట. బాపు ఫోటో కింద ఆయన పేరు నేనెప్పుడూ చూడలేదు. వెనక స్టూడియో ముద్ర ఉండేది, అంతే. ఒక్కసారైనా ఆయన పేరు గోడ మీద చూడాలని నాకు పట్టుదల వచ్చింది. ఆయనకు రాలేదు.

ఆ పన్నెండింటిలో నాకు ప్రాణమైనది ఒకటుంది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. సమ్మె వల్ల కాలేజీ లేదు. బస్టాండు ముందర జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తింటున్నారు. వంటా వార్పు అన్నమాట. పేపర్లవాళ్ళంతా మైకు దగ్గరున్న నాయకుల చుట్టూ మూగారు. మా బాపు ఒక మూలకు పోయి, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్న ఒక ఆమె ముందర కూర్చున్నాడు. ఆమె తలెత్తి, విసుగ్గా, "ఇంత మంది ఉండంగ నేనే దొరికిన్నా నీకు?" అంది. సరిగ్గా అప్పుడే నొక్కాడు. వెనక ఆగిపోయిన బస్సు, స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోతున్న డ్రైవరు, అన్నం ఉడుకుతున్న పెద్ద గంజులోంచి లేస్తున్న ఆవిరి, పక్కన చున్నీతో ముఖం కప్పుకున్న పిల్ల. ఆ పిల్లను నేనే. అందరి నాయనలు నినాదాలిస్తుంటే మా నాయన బియ్యం ఫోటో తీస్తున్నాడని సిగ్గుతో చచ్చిపోయాను.

పెళ్ళయ్యాక నేను ఆదిలాబాద్‌లో ఉంటున్నాను. మేడమ్ అడిగిన రోజే బాపుకు ఫోన్ చేసి గట్టిగా చెప్పాను. "ఆదివారం వస్తా. స్కాన్ చేయించేదాక పెట్టె ముట్టుకోకు." ఆదివారం నాటికి నా మూడేళ్ళ బిడ్డకు జ్వరం వచ్చింది. వైరల్ అన్నారు డాక్టరు, భయం లేదన్నారు. నేను అరగంటకోసారి థర్మామీటరు పెట్టి కాగితం మీద రాసుకున్నాను. జ్వరం మూడోనాడే తగ్గింది. మళ్ళీ వస్తుందేమోనని ఇంకో ఆదివారం కూడా ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

మంగళవారం పొద్దున బాపు ఫోన్ చేశాడు. ముందు మనవరాలు తిన్నదా అని అడిగాడు. ఆదిలాబాద్‌లో వాన పడుతుందా అని అడిగాడు. నాకు అనుమానం వచ్చింది.

"ఏం చేసినవ్ బాపూ?"

"ఏం లేదు బిడ్డా. గా చేట ఫోటో ఉన్నది జూడు."

"కోసినవా?"

"సుల్తానాబాద్ నుంచి వచ్చిండ్రు. ఆమె పోయింది పాపం. రేపే దినాలు."

"స్కానర్ ఉంది, ఫోన్ ఉంది. కోసుడెందుకు?"

"ఎప్పుడు గట్లనే జేసిన గదనే."

ఇక మాట్లాడితే ఏడుస్తానని ఫోన్ పెట్టేశాను. మా ఆయన "ఒక్క ఫోటోనే కదా, పదకొండు ఉన్నాయి కదా" అన్నాడు. సంచిలో థర్మామీటరు, రెండు జతల బట్టలు, బిస్కెట్లు వేసుకుని బిడ్డతో మధ్యాహ్నం బస్సెక్కాను. నిర్మల్ దాటేలోపు బిడ్డ నా మీద రెండుసార్లు కక్కింది.

కరీంనగర్‌లో దిగి ఇంటికి చేరేసరికి బాపు కంత ఉన్న ఫోటోను టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అంచులు ఎంత నీట్‌గా కోశాడో. ఆ నీట్‌నెస్ చూస్తే ఇంకా మండింది.

"ఆమె ఆధార్ కార్డు పట్టుకొని వచ్చిండ్రు" అన్నాడు. "కండ్లు మూసుకొని ఉన్నది దాంట్ల. ఆమె ఎప్పుడు చెప్తుండేదట, బస్టాండు కాడ ఒకాయన నన్ను ఫోటో తీసిండు, గది తెచ్చి పెట్టుండ్రి అని. ఎట్ల లేదనాలె?"

"లేదనకు. కోయకు. రెండూ చేయొచ్చు."

"గిప్పుడు చెప్తున్నవ్" అన్నాడు, నేను పుట్టినప్పటి నుంచి చెప్పనట్టు.

మర్నాడు బిడ్డను ఆయన దగ్గర వదిలి, దానికి అరటిపండు తప్ప ఏమీ పెట్టొద్దని మూడుసార్లు చెప్పి, ఫోటో అట్టల మధ్య పెట్టుకుని సుల్తానాబాద్ పోయాను. చావు జరిగిన ఇంటికి ముఖం అడగడానికి పోవడం ఎంత సిగ్గుచేటో దారి పొడుగునా తెలుస్తూనే ఉంది.

టెంటు కింద భోజనాలు జరుగుతున్నాయి. వసారాలో పెద్ద ఫ్రేము, దండ. బాపు నీలిరంగు నింపాడు, మెడ దగ్గర కనపడే నూలుచీరకు జరీ అంచు దిద్దాడు, చెవులకు కమ్మలు పెట్టాడు. ఆ చూపును మాత్రం ముట్టుకోలేదు. ఇంత మంది ఉండంగ నేనే దొరికిన్నా అన్నట్టు అందరినీ చూస్తోంది.

నేనెవరో చెప్పగానే ఆమె కోడలు పక్కకు జరిగి చోటిచ్చింది. "మా అత్త గిట్లనే చూసేది అక్కా. రోజు నేను చాయ్ ఇయ్యంగనే గదే చూపు. గిప్పుడు గోడ మీద నుంచి గూడ తప్పలే" అంది. అని, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కోసిన ముక్క అడిగాను. అది ఆ కోడలి కూతురి దగ్గర ఉంది. ఇంటర్ చదివే పిల్ల. ఫోన్ వెనక, పారదర్శకమైన కవరు లోపల నానమ్మ ముఖాన్ని పెట్టుకుంది. పట్టడానికి నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించింది.

"ఇయ్యను" అంది పిల్ల, నేను పూర్తిగా అడగకముందే.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. ఎవరి మీదో తెలియలేదు. అట్టలు విప్పి మిగతా ఫోటో చూపించాను. ఇది నాకెందుకు కావాలో, కింద మా బాపు పేరు ఎందుకుండాలో చెప్పాను. కోడలు వంగి చూసింది. "ఓ, గా గంజు మనదే గదా. గా చెవి వంగింది జూడు. గీడికెల్లి మోసుకపోయిండ్రు" అంది. వడ్డన ఆపి ఇద్దరు ముగ్గురు వచ్చారు. నిద్రపోతున్న డ్రైవరు ఎవరో తేల్చుకోలేక వాదించుకున్నారు. పిల్ల కవరు ఊడదీసి, ముక్కను కంతలో పెట్టింది. పూర్తిగా పట్టలేదు. గుండ్రం మూలల దగ్గర సందులు మిగిలాయి.

"గిట్ల పెట్టి ఫోటో తీస్కో అక్కా. అయినంక నాకియ్యాలె."

ఎండలో గడప మీద పెట్టి నా ఫోన్‌తో పదహారు తీశాను. నా నీడ పడిందని నాలుగు, పిల్ల వేలు పడిందని రెండు తీసేశాను. ముక్క తిరిగిచ్చాను. తిని పొమ్మని కూర్చోబెట్టారు. అన్నంలో ఒక్క రాయి తగల్లేదు.

ప్రదర్శనలో ఆ ఫోటో నాలుగోది. ఆమె ముఖం చుట్టూ నల్లటి గీత స్పష్టంగా కనిపిస్తోంది. మేడమ్ ముందే "ఈ గీతను కంప్యూటర్‌లో తీసేయమంటావా?" అని అడిగింది. తీసేయమనే చెప్పాను. టైము చాలలేదు. వచ్చినవాళ్ళేమో "ముఖం చుట్టు గీత భలే ఆలోచించి పెట్టిండు" అని బాపు చేయి పట్టుకుని ఊపారు. బాపు "ఆఁ" అన్నాడు. ఒక్కో ఫోటో కింద ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. దాన్ని చూడమంటే అద్దాలు ఇంట్లో మరిచిపోయానన్నాడు.

మధ్యాహ్నం దాటాక ఒక పెద్దమనిషి తొమ్మిదో ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. మంగలిషాపు బెంచీ మీద నలుగురు కూర్చున్న ఫోటో. తర్వాత మెల్లగా బాపు దగ్గరకు వచ్చి, "గా చివర కూసున్నది మా తమ్ముడే అన్నా" అన్నాడు. బాపు చేయి చొక్కా జేబు మీదికి పోయింది.

జేబులో ఏమీ లేదు. పొద్దున ఇంట్లోనే ఆ జేబులోంచి బ్లేడు తీసి నా సంచిలో, థర్మామీటరు డబ్బాలో పెట్టుకున్నాను.

బాపు నా వైపు చూశాడు. నేను బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, తమ్ముడి ఫోటో పంపడానికి ఆ పెద్దమనిషిని ఫోన్ నెంబరు అడిగాను.