కవిగారి తోటలో సరస్వతాకు

మా చెల్లికి నాలుగో ఏడు నడుస్తున్నా నోట మాట లేదు. వినికిడి మాత్రం భేషుగ్గా ఉండేది. బెల్లం డబ్బా మూత చప్పుడైతే చాలు, ఏ మూల ఉన్నా పరిగెత్తుకొచ్చేది. కోదాడలో మా వాడవాళ్లు దాన్ని మూగపిల్ల అని ఖాయం చేసేశారు. అది 'అమ్మా' అంటే ఒక్కసారి విని చచ్చిపోయినా ఫరవాలేదనేది మా అమ్మ.

పోలీసు యాక్షన్ అయిపోయి, బండ్లు మళ్లీ బెదురు లేకుండా తిరుగుతున్న రోజులవి.

"చిలుకూరు పోదాం. కవిగారి తోటల బావి కాడ సరస్వతాకు ఉన్నదంట. ఆయన గది తినే అన్ని పద్యాలు రాసిండంట. పిల్లకు జర తినిపిస్తే మాటలొస్తయ్," అన్నది నాయనమ్మ. ఆమె అన్నాక ఇక తిరుగేముంది, బండి కట్టారు.

ఆ కవిగారు పోయి ఎన్నో తరాలైంది. ఇల్లు సగం కూలింది. తోట మాత్రం, అబ్బ, ఏం చెప్పను! పనసకాయలు మాను మొదట్లోనే కాసి నేలకు ఆనుతున్నాయి. సంపెంగల వాసనకు నాకు తల తిరిగింది. అరటాకుల కింద మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. ఆ వంశంలో మిగిలిన ఒక పెద్దమ్మ దాన్ని కాస్తుండేది. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. పద్యం చదవనిదే ఆకు తెంపనివ్వరు.

నాయనమ్మ పద్యం సగంలో ఆగిపోయింది. అమ్మకు కంగారులో నోరే పెగల్లేదు. చివరికి నేను మా బడిలో నేర్పిన ఉర్దూ గేయం గడగడా అప్పజెప్పాను. అప్పట్లో మాకు చెప్పింది ఉర్దూ చదువే మరి.

పెద్దమ్మ నవ్వి, "ఏ భాషైతేంది బిడ్డా, తోట ఇన్నది. పోయి తెంపుకోండ్రి," అన్నది.

నాయనమ్మకు చూపు అంతంతమాత్రం. అయినా నన్ను ముట్టుకోనిస్తేనా! తనే బావి గట్టున వంగి గుప్పెడు ఆకులు తెంపి, నలిపి, చెల్లి నోట్లో కుక్కింది. పిల్ల మొహం కందిపోయింది, థూ అని ఉమ్మేసింది. నాయనమ్మ ఇంకో ముద్ద పట్టుకుని మీదికి వంగింది.

"అమ్మా, వద్దు."

అన్నది మా చెల్లే. పోయి అమ్మ చీర కుచ్చిళ్లలో తల దూర్చింది. అమ్మ అక్కడికక్కడే కూలబడి, ఏడుస్తూనే నవ్వింది. సంతోషం పట్టలేక నేనూ ఏడ్చాను.

పెద్దమ్మ వచ్చి నాయనమ్మ చేతిలోని ఆకు చూసింది. "గిది సరస్వతాకు కాదు, నేలవేము. నోట్ల పెట్టలేనంత చేదు. మీకు కావల్సింది గా పక్కకున్నది," అన్నది.

నాయనమ్మ ఏమన్నా తగ్గిందా? "ఏదైతేంది, మాటొచ్చిందా లేదా? పనిల పని గది గూడ రెండాకులు పెడదాం."

"చాలు అత్తమ్మా. ఇగ నా బిడ్డ నోట్ల ఏం పెట్టొద్దు," అన్నది అమ్మ. అత్తగారికి ఆమె ఎదురు చెప్పడం నేను చూసింది అదే మొదలు.

తిరుగు బండిలో చెల్లి ఎద్దును చూసి 'అమ్మా', కాలువను చూసి 'అమ్మా', ఊరికే 'అమ్మా'. పక్కనే నేనుండగా అక్కా అనడానికి దీనికేం రోగమని నేను ఉడుక్కుంటున్నాను. చెల్లి పిలిచిన ప్రతిసారీ అమ్మ "ఆఁ బిడ్డా" అంటూనే ఉంది. కోదాడ చేరేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. అయినా పలకడం మానలేదు.