పడమటి కిటికీ కింద మూడు వేళ్ళు

మా బాబాయిని మొదటిసారి ‘మాస్టారూ’ అని పిలిచేనాటికి ఆయనకి అరవై అయిదేళ్ళు. ఆ పిలుపు మనిషిని చెడగొట్టిందని మా పిన్ని ఇప్పటికీ అంటుంది. బాగుచేసిందని నేనంటాను, కాకపోతే ముందు బాగా ఏడిపించి బాగుచేసింది.

బాబాయి తాపీ మేస్త్రీ. నలభై ఏళ్ళు ఈ పేటలో గోడలు కట్టి, మోకాళ్ళు మొరాయించాక ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే ఊరికే కూర్చోలేదు. పిన్ని బట్టలారేస్తే తాడు వంకరగా కట్టావనేవాడు, కూర తరుగుతుంటే ముక్కలు ఒక సైజులో లేవనేవాడు. ఒకరోజు పిన్ని నా దగ్గరికొచ్చి, “ఈయన్ని రోజుకో గంట ఎక్కడైనా కట్టేసే చోటుందేమో చూడవే, నీకు పుణ్యముంటుంది,” అంది.

పేట కమ్యూనిటీ హాలు తాళాలు నా దగ్గరే ఉంటాయి. ఊడ్చేది, కుర్చీలేసేది, నోటీసులంటించేది అన్నీ నేనే. అప్పట్లో ప్రతి ఆదివారం పొద్దున వార్డు ఆఫీసు నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చేది. ఇల్లు చల్లగా ఎలా ఉంచుకోవాలి, కరెంటు తక్కువ ఎలా కాల్చాలి, పాత ఇటుకలతో కొత్త గోడ ఎలా కట్టుకోవాలి, ఇవన్నీ పేటవాళ్ళకి నేర్పడం ఆవిడ పని. మంచి పిల్ల, బాగా చదువుకున్న పిల్ల, ఆ చదువంతా మా మీద ఒక్కసారే కుమ్మరించేది. తెర మీద ‘హరిత గృహం, సుస్థిర జీవనం’ అని పడగానే జనానికి ఆవులింతలు మొదలయ్యేవి. నేను ముప్పై కుర్చీలు వేస్తే పదకొండు మంది వచ్చేవాళ్ళు. అందులో నలుగురు మా హాల్లో ఫ్యాన్లు బాగా తిరుగుతాయని వచ్చేవాళ్ళు.

బాబాయిని తీసుకెళ్ళి వెనక వరసలో కూలేశాను. పావుగంట ఓపిక పట్టాడు. తర్వాత లేచి, “అమ్మా, మూడో వరసలో ముగ్గురు నిద్రపోతున్నారు. లేపమంటావా?” అన్నాడు.

ఇంజినీరమ్మ మొహం ఎర్రబడింది. “మీకు తెలిస్తే మీరే చెప్పండి,” అంది.

ఆయనకి అంతే కావాలి. అందరినీ బయటికి తోలుకెళ్ళి హాలు ఉత్తరపు గోడ మీద అరచెయ్యి పెట్టమన్నాడు. తర్వాత తూర్పు గోడ మీద పెట్టమన్నాడు. పొద్దుటి ఎండ కాచిన గోడ చురుక్కుమంది. “పొద్దున పదింటికే ఇది ఇలా ఉంటే, సాయంత్రానికి మీ పడమటి గోడ గతేంటి? వచ్చే వారం నుంచి క్లాసు మధ్యాహ్నం మూడింటికి. ఎండే పాఠం చెబుతుంది, మనం పక్కన నిలబడితే చాలు,” అన్నాడు. ఇంజినీరమ్మ తెలివైంది. ఆ వారమే ఆయన్ని తన పక్కన నిలబెట్టుకుంది. గోడ సంగతి ఆయన చెప్పేవాడు, లెక్కల సంగతి ఆవిడ చెప్పేది. నెల తిరక్కుండా ముప్పై కుర్చీలూ నిండాయి.

పోస్టుమాన్‌గా రిటైరైన పెద్దాయన ఒకాయన మొదట ‘మాస్టారూ’ అన్నాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. ఇక చూడాలి మా బాబాయి వైభోగం. ఆదివారం వస్తే చొక్కా ఇస్త్రీ, జేబులో పెన్ను. ఆ పెన్నుతో ఆయన ఒక్క అక్షరం రాయగా నేను చూడలేదు.

ఒకవారం ఇంటిపని ఇచ్చాడు. “మీ ఇంట్లో అన్నిటికంటే వేడి గదిలో మూడింటికి నిలబడండి. ఎండ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. కిటికీ పైన సన్‌షేడ్ ఎంతుంది, గోడ మందమెంత, అన్నీ చూసి రండి.” ఎంత బుద్ధిగా చెప్పాడో పాపం.

మరుసటి వారం టైలరమ్మ ఒకావిడ లేచింది. మాట తక్కువ, చూపు సూది. తన ఇంటి పడమటి గదిలో కుట్టు మిషను పెట్టుకుని, ఎండాకాలం రోజూ మధ్యాహ్నం ఆ ఇనప మిషన్ని ఈడ్చుకుంటూ నడవలోకి తెచ్చుకుని, సాయంత్రం మళ్ళీ లోపలికి ఈడ్చుకుంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే బతుకు.

“సన్‌షేడ్ జానెడు. గోడ ఒంటి ఇటుక,” అంది. “ఇంకొకటి చూశాను మాస్టారూ. కిటికీ గట్టు కింద సిమెంటులో మూడు గుంటలున్నాయి. తడిగా ఉన్నప్పుడు ఎవరో వేళ్ళు గుచ్చినట్టు. మధ్యది పొట్టి.”

“మా ఇంట్లోనూ ఉన్నాయి!” అని ఇంకో చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. మొత్తం ఏడు.

అవి ఎవరి వేళ్ళో నాకు తెలిసిపోయింది. ఎందుకంటే ఆ మూడు గుంటలతో నేను చిన్నప్పుడు ఆడుకున్నాను. బాబాయికి ఇరవయ్యో ఏట ఇటుక కొడుతూ కుడిచేతి నడిమి వేలి కొస తెగిపోయింది. ఏ ఇల్లు కట్టినా చివరగా పడమటి కిటికీ గట్టు నున్నగా రుద్దాక, దాని కింద మూడు వేళ్ళూ నొక్కి లేచేవాడు. పని అయిపోయిందని చెయ్యికి చెప్పుకోవడం అది. ఇంటివాళ్ళెవరూ అంత కిందికి వంగి చూడరు.

బాబాయి వైపు చూశాను. కుడిచెయ్యి మెల్లగా ప్యాంటు జేబులోకి జారుకుంది.

“ఎవడో పనికిమాలిన మేస్త్రీ!” అన్నాడు, అవసరానికి మించి గట్టిగా.

“పట్టుకోవాలి వాణ్ణి,” అంది టైలరమ్మ.

“నాకొదిలెయ్యండి. ఈ పేటలో నేనెక్కని గుమ్మం లేదు,” అన్నాడు పోస్టుమాన్. అన్నట్టే వారంలో పేట పటం గీసి తెచ్చి మా హాలు గోడకి తగిలించాడు. మూడువేళ్ళ ఇంటికల్లా ఒక ఎర్రచుక్క. ఏడు పందొమ్మిదయ్యాయి. పర్యావరణం పేరు చెబితే గడప దాటనివాళ్ళు కూడా దొంగ పేరు చెప్పగానే పరుగెత్తుకొచ్చారు. నా కుర్చీలు చాలక బెంచీలు వేశాను.

మా బాబాయి మూడు వారాలు ఎడమచేత్తో పాఠం చెప్పాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఎర్రచుక్క ఎర్రచుక్కకీ ఆ మేస్త్రీని తిట్టాల్సి వచ్చేది. “పడమర ఇంత పెద్ద కిటికీ పెట్టి, ఎదురుగోడకి పైన గాలి పోయే దారైనా పెట్టలేదంటే వాడికి బుద్ధుందా?” అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను చీపురు చాటున నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. నన్ను కన్నబిడ్డలా చూసుకున్న బాబాయి మీద నవ్వు రావచ్చా అంటే, రాకూడదు. వచ్చింది.

ఒకరోజు హాలు తాళం వేస్తుంటే వెనకే నిలబడ్డాడు. “ఒసేయ్, నువ్వు గానీ నోరు జారావంటే...”

“నాకెందుకు బాబాయ్? నేను తాళాలు తీసేదాన్ని.”

ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. “నలభై ఏళ్ళు ఒరే మేస్త్రీ అన్నారే నన్ను. ఇప్పుడు మాస్టారూ అంటున్నారు. అది పోతే ఇక ఏ మొహం పెట్టుకుని ఈ వీధిలో తిరగను?” అన్నాడు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఆ వచ్చే ఆదివారం ఇంజినీరమ్మ, “ఎంతసేపూ వేడి ఇళ్ళే చూస్తున్నాం. ఒక్క చల్లటి ఇల్లు చూద్దాం. ఎవరికైనా తెలుసా?” అని అడిగింది. అందరికీ టీలు పోస్తున్న మా పిన్ని గర్వంగా తలెత్తి, “మా ఇంటికి రండి. ఆయన స్వయంగా కట్టిందే,” అంది. బాబాయికి టీ పొలమారింది.

నిజానికి ఆ ఇల్లు చూడాల్సిందే. పడమటి వైపు మెట్లు పెట్టి గోడకి నీడ చేశాడు. ఆ గోడ రెండు పొరలు, మధ్యలో బెత్తెడు ఖాళీ, కట్టిందంతా పడగొట్టిన ఇళ్ళలో ఏరుకొచ్చిన ముక్క ఇటుకలతో. స్లాబు మీద పగిలిన తెల్ల టైల్సు. పడమర ఒకే ఒక్క చిన్న కిటికీ, దాని మీద మూరెడు సన్‌షేడ్. ఆ కిటికీ గట్టు కింద మూడు వేళ్ళు.

శనివారం సాయంత్రం బాబాయి గిన్నెడు సిమెంటు మాలు కలిపి ఆ గుంటలు పూడ్చాడు. గిన్నె పట్టుకుంది నేనే. తాపీతో నున్నగా రుద్ది, తడిబట్టతో తుడిచి, వెనక్కి వాలి చూసుకుని, “అద్దంలా ఉందా లేదా?” అన్నాడు. మోకాలి మీద చెయ్యేసి లేవబోతూ, ఇంకో చెయ్యి గోడకి ఆనించి, లేచి, కాళ్ళు చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

నేను వంగి చూశాను. కొత్త సిమెంటులో, అచ్చు గుద్దినట్టు, మూడు వేళ్ళు. మధ్యది పొట్టి. నలభై ఏళ్ళ చెయ్యి, పని అయిందని తనకి తానే చెప్పుకుంది.

పిలిచి చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకంటే మా ఇంటి పడమటి గది కూడా ఆయన కట్టిందే, అందులో నేను ముప్పై ఎండాకాలాలు కాగాను.

ఆదివారం నలభై మంది వచ్చారు. లోపల అడుగుపెట్టగానే ఒక్కొక్కరి నోట్లోంచి ‘అబ్బా’ అని గాలి బయటికొచ్చింది. ఫ్యాను కూడా తిరగడం లేదు. ఇంజినీరమ్మ థర్మామీటరు చూసి, “బయటికంటే తొమ్మిది డిగ్రీలు తక్కువ!” అని అరిచింది. బాబాయి జేబులో చెయ్యితో, మొహం నిండా వెలుగుతో నిలబడ్డాడు. టైలరమ్మ మాత్రం నేరుగా పడమటి కిటికీ దగ్గరికెళ్ళి వంగింది. ఈ నెలరోజులుగా ఏ ఇంటికెళ్ళినా ఆవిడకి అదే పని.

చూపుడువేలితో తాకింది. “ఇంకా పచ్చిగా ఉంది,” అంది.

లేచి నిలబడి బాబాయి జేబు వైపు చూసింది.

“మాస్టారూ, చెయ్యి బయటికి తియ్యండి.”

తీశాడు. ఇంత వయసు మనిషి, బడిలో పిల్లాడిలా చెయ్యి చాపాడు. పోస్టుమాన్ కళ్ళజోడు సవరించుకుని చూసి, “నేను పేటంతా తిరిగాను గదయ్యా, నీ పక్క కుర్చీలో కూర్చుని!” అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు.

“మీకు చల్లటి ఇల్లు కట్టడం రాదనుకుంటే క్షమించేదాన్ని. వచ్చు. మరి మాకెందుకిలా కట్టారు?”

“మొదట్లో ఒకాయనకి చెప్పానమ్మా. పడమర రెండు పొరలు కడదాం, ఇంకో ఎనిమిది రోజులు పడుతుందని. ఆ ఇల్లు ఇంకో మేస్త్రీకి ఇచ్చేశాడు. అప్పట్నించి ఎవరేమంటే అదే కట్టాను. నోరు మూసుకున్నాను.”

“మా నాన్న కూడా ఏమీ అనలేదా?”

బాబాయి అబద్ధం ఆడొచ్చు, వాళ్ళ నాన్న పోయి పదేళ్ళయింది. “అడిగారమ్మా,” అన్నాడు. “పడమర ఎండ పడదూ మేస్త్రీ అని అడిగారు. అంతగా పడదులెండి అన్నాను.”

మా పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు బాబాయి మీద కోపమూ వచ్చింది, ఆయన్ని చూస్తే జాలీ వేసింది. ఇంజినీరమ్మ ఏదో సర్దిచెప్పబోతే టైలరమ్మ చెయ్యెత్తి ఆపింది.

“ఇక నుంచి క్లాసు హాల్లో కాదు. ఒక్కో ఎర్రచుక్క ఇంట్లో. మూడింటికి, పడమటి గదిలో, ఫ్యాను ఆపేసి. మేం నడవలో కూర్చుంటాం, మాస్టారు లోపల కూర్చుని పాఠం చెబుతారు. ఆయన చొక్కా తడవకుండా గంట గడిచేదాకా ఆ ఇంటిని వదిలేది లేదు. మొదట మా ఇల్లు.”

“రెండోది మాది!” అన్నాను నేను. బాబాయి నా వైపు చూసిన చూపు చెప్పను.

ఆవిడ ‘మాస్టారు’ అనే అందని ఆయన గమనించాడో లేదో గానీ, నేను గమనించాను.

మొదటి వారం ఆ గదిలోంచి ఆయన ఉడికిన దుంపలా బయటికొచ్చాడు. “ఇందులో మనుషులెలా ఉంటున్నారు?” అన్నాడు. “ఇరవై రెండేళ్ళుగా,” అంది టైలరమ్మ. మర్నాడే తాపీ తీశాడు. మోకాళ్ళ సంగతి ఏమైందని పిన్ని అడిగితే, “మోకాళ్ళకేం తెలుసు?” అన్నాడు. క్లాసంతా చెయ్యి వేసింది. స్లాబు మీద పగిలిన టైల్సు పరిచాం. ఎదురుగోడకి పైన వెంటిలేటరు కొట్టాం. కిటికీ చిన్నది చేసి, సన్‌షేడ్ ముందుకి లాగాం. బయట తీగ పాకడానికి పందిరి కట్టాం. రెండో వారం చొక్కా వీపు తడిసింది, మూడో వారం కాలరు తడిసింది. అయిదో వారం గంటసేపు కూర్చుని బయటికొచ్చి, చొక్కా అందరికీ ముందూ వెనకా తిప్పి చూపించాడు. పొడిగా ఉంది.

టైలరమ్మ లేచి, నడవలోంచి మిషన్ని గదిలోకి ఈడ్చుకెళ్ళింది. నాలుగు దాటుతోంది. ఆ వేళప్పుడు ఆవిడ మిషను లోపలికి వెళ్ళడం ఎవరం చూడలేదు.

“మా నాన్న అడిగిందే నేనూ అడుగుతున్నా మాస్టారూ,” అంది. “పడమర ఎండ పడదూ?”

“పడుతుందమ్మా,” అన్నాడు బాబాయి. “లోపలికి రాదు.”

ఆ పొద్దున పూసిన కిటికీ గట్టు ఇంకా పచ్చిగానే ఉంది. అలవాటుగా ఆయన వంగాడు, వేళ్ళు చాపాడు, మళ్ళీ ఏదో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. “వెయ్యండి మాస్టారూ,” అంది. “రేపు వేడెక్కితే ఎవర్ని పట్టుకోవాలి మరి?”