బ్యాంకాక్‌లో నానబోసిన మినుములు

స్టీలు డబ్బా మూత తీయగానే నానిన పొట్టు వాసన గుప్పుమంది. తడిసిన గోనెసంచి పక్కన నిలబడితే వస్తుందే, అలాంటి వాసన. బ్యాంకాక్ విమానాశ్రయంలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ముక్కు చిట్లించి, లేచి అవతలి వరుసలోకి వెళ్లిపోయాడు. పోనీలే, నాకు కాళ్లు చాపుకోవడానికి చోటు దొరికింది. పొద్దున రంగూన్ నుంచి వచ్చి ఇక్కడ దిగాను. హైదరాబాద్ విమానం రాత్రికి. మధ్యలో పగలంతా ఖాళీ. చుట్టూ జనం సెంటు సీసాలు వాసన చూస్తూ, ఫోన్లు చూసుకుంటూ, నోళ్లు తెరుచుకుని నిద్రపోతూ పొద్దుపుచ్చుతున్నారు. నేను మినుములు నానబోసుకుని కూర్చున్నాను. నాకీ పిచ్చి అంటించినావిడ తెనాలిలో పప్పు మిల్లు నడిపిన భారతమ్మ గారు. ఆవిడను మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే ఒక్కసారైనా చివాట్లు తిని ఉండేవారు.

మాది రేపల్లె. బాపట్లలో డిగ్రీ చదివి, ఆవిడ మిల్లులో లెక్కలు చూసే పనికి చేరాను. రోజూ రైల్లో వచ్చి రైల్లో వెళ్లేదాన్ని. చేరిన కొత్తలో ఒక సాయంత్రం పని ముగించుకుని, సంచి భుజాన వేసుకుని, గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. భారతమ్మ గారు లోపలికి వచ్చి నిలబడ్డారు. "రైలెప్పుడమ్మాయ్?" అన్నారు. "ఇంకా చాలా టైముందండి" అన్నాను. "మరి అప్పుడే ప్రయాణమైపోయావేంటి?" "నా పని అయిపోయింది పిన్నిగారూ." "నీదైపోయింది. దానిది అవలేదుగా" అంటూ కిటికీలో పెట్టిన గిన్నె చూపించారు. గిన్నెలో గుప్పెడు మినుములు నానుతున్నాయి. ఆ రోజు రైలు ఎక్కేలోపు వాటి పొట్టు కడగడం, గట్టిగా రుబ్బడం, పిండిలోంచి చిన్న ఉండ తీసి నీళ్ల గ్లాసులో వేయడం నేర్చుకున్నాను. మంచి మినుము పిండి, గట్టిగా రుబ్బితే, నీళ్ల మీద తేలుతుంది. పాతబడ్డ మినుముదైతే అడుక్కి పోతుంది. "పైకి నల్లగా నిగనిగలాడుతున్నాయి కదండీ, ఇంకా ఇదంతా ఎందుకు?" అని అడిగాను. "నూనె రాస్తే నేనూ నిగనిగలాడతా. ముందు రుబ్బు" అన్నారు.

ఆవిడ సరుకు కొనే పద్ధతే అది. ఎక్కడ ఆగాల్సి వచ్చినా అక్కడ నానబెట్టేవారు. బస్సు ఆలస్యమైనా, బ్యాంకులో పని తెమలకపోయినా చేతిసంచిలోంచి డబ్బా బయటికి వచ్చేది. అంత జాగ్రత్త మనిషీ ఒక ఏడాది మొహమాటానికి పోయి, పాత పరిచయస్తుడి సరుకును చూడకుండా దించుకున్నారు. పాత మినుములకు నూనె పట్టించి పంపాడు మహానుభావుడు. తెనాలి, బాపట్ల టిఫిన్ హోటళ్ల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు బస్తాలు తెచ్చి మిల్లు గుమ్మంలో పడేసి వెళ్లారు. "మీ పప్పుతో గారెలు వేస్తే రాళ్లు కొరికినట్టుందండి" అని ఒకాయన మొహం మీదే అన్నాడు. ఆ తర్వాతి పంట చేతికొచ్చే వేళకు వానలు పడి మన వైపు మినుమంతా చేలోనే కుళ్లింది. మిల్లు ఆడాలంటే బర్మా సరుకు తేవాలి. తెచ్చింది మళ్లీ చెడ్డదైతే ఆవిడ మాట నమ్మేవాళ్లు ఇంకెవరూ ఉండరు. తేకపోతే మిషన్లు ఆపి, పప్పు ఏరే ఆడవాళ్లందరినీ ఇంటికి పంపాలి. ఎటు చూసినా గొయ్యే.

అలా మేమిద్దరం రంగూన్ వెళ్లాం. నాకు కాస్త ఇంగ్లీషు వచ్చని వెంటబెట్టుకు వెళ్లారు. అక్కడి గోదాములో మినుములు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. గింజ గుండ్రంగా, బరువుగా ఉంది. కొరికితే టక్కుమంది. భారతమ్మ గారు మాత్రం నూనె అంటుతుందేమోనని గింజల్ని రుమాలుతో తుడిచి చూశారు. అమ్మేవాడు మర్యాదస్తుడే, కానీ మద్రాసు పార్టీ ఒకటి అదే సరుకు అడుగుతోందన్నాడు. "మీ మొహం చూసి ఈ సాయంత్రం దాకా ఆపుతాను, ఆ తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు. మా విమానానికి వేళవుతోంది. ఇక అక్కడ నానబెట్టే వ్యవధి లేదు. ఆవిడ రెండు గుప్పిళ్లు రుమాల్లో మూటగట్టుకుని బయల్దేరారు.

బ్యాంకాక్‌లో దిగితే, ఇవాళ్టిలాగే, రాత్రిదాకా ఖాళీ. దేశం దాటడం నాకదే మొదటిసారి. "పిన్నిగారూ, ఊరు చూసొద్దామా అండి?" అన్నాను, తిడతారేమోనని భయపడుతూనే. "చూద్దాం. ముందు వీటి సంగతి చూడు" అని మూట నా చేతిలో పెట్టారు. అక్కడ తాగే వేణ్నీళ్ల కుళాయి ఉంటే, త్వరగా నానతాయని ఆ నీళ్లే పట్టి మినుములు పోశాను. మధ్యాహ్నం దాటాక బయటికి వెళ్లి టాక్సీ ఎక్కాం. దారిలో బంగారు రంగు గోపురం ఒకటి కనిపించింది. "అదుగో, చూసుకో మరి, ఊరు ఊరన్నావుగా" అన్నారు. ఆవిడ మాత్రం ఒళ్లోని డబ్బా మీంచి చూపు తిప్పలేదు. కార్లు బారులు తీరి కదలడం లేదు. సాయంత్రంలోపు రంగూన్‌కు ఫోను చేయాలి, రాత్రికి విమానం అందుకోవాలి.

మనవాళ్ల కొట్లున్న వీధిలో చిన్న టిఫిన్ హోటలు దొరికింది. నడిపే ఆవిడ పేరు సెల్వి, చెన్నై మనిషి, తెలుగు కొంచెం వచ్చు. సంగతి చెబితే ఎగాదిగా చూసింది. "ఏర్‌పోర్టు నుంచి పిండి రుబ్బేదానికి వచ్చారా మీరు?" అంది. భారతమ్మ గారు నవ్వలేదు. పొట్టు కడిగి సగం పప్పు మాత్రమే ఇచ్చారు. మిగతా సగం డబ్బాలోనే ఉంచి మూత పెట్టారు. సెల్వి తన గ్రైండర్లో వేసి రుబ్బి తెచ్చింది. నేను ఉండ తీసి నీళ్ల గిన్నెలో వేశాను. మునిగింది. రాయిలాగా నేరుగా అడుక్కి పోయి కూర్చుంది. ముగ్గురం గిన్నెలోకి వంగి చూస్తున్నాం. భారతమ్మ గారి పై పెదవి మీద చెమట పట్టింది. అంతకుముందెప్పుడూ ఆవిడ భయపడటం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వేళ్లకంటిన పిండి కారుతుంటే అప్పుడు తట్టింది. "నీళ్లెక్కువయ్యాయి పిన్నిగారూ. ఇడ్లీకి రుబ్బినట్టు రుబ్బారు" అన్నాను. ఆవిడ తలెత్తి నా కళ్లలోకి చూశారు. "నిజంగానేనా, నా మనసు కోసం అంటున్నావా?" "నిజంగానేనండి." "అయితే నువ్వు రుబ్బు" అని డబ్బా ఇచ్చారు. సెల్వి దగ్గర పచ్చడి రోలు ఉంది. అందులో మిగతా సగం వేసి, తడి చేత్తో చిలకరించుకుంటూ రుబ్బాను. అవతల ఎండ తగ్గిపోతోంది. సెల్వి గడియారం చూసి, "ట్రాఫిక్ జాస్తిగా ఉంటదమ్మా, ప్లేను పోతది" అని గొణిగింది. చెయ్యి లాగుతున్నా ఆపలేదు. చివరికి పిండిని గిన్నె అంచుకేసి కొట్టి, ఉండ తీశాను. అప్పుడు భారతమ్మ గారొక విచిత్రమైన పని చేశారు. కుర్చీ జరుపుకుని, గిన్నెకు వీపు పెట్టి, వీధి వైపు తిరిగి కూర్చున్నారు. "వెయ్యి. వేసి ఏమైందో చెప్పు" అన్నారు.

ఉండ మునిగింది. సగం దాకా పోయి ఆగింది. తర్వాత మెల్లగా పైకి వచ్చి నీళ్ల మీద నిలబడింది. "తేలిందండి" అన్నాను. ఆవిడ వెనక్కి తిరగలేదు. "మళ్లీ వెయ్యి" అన్నారు. వేశాను. అదీ తేలింది. "రంగూన్‌కు ఫోన్ చెయ్. సరుకు తీసుకుంటున్నామని నువ్వే చెప్పు" అన్నారు. ఫోన్ చేసి అలాగే చెప్పాను. తిరుగుదారిలో టాక్సీ ఆగినచోటల్లా నేను దేవుళ్లకు మొక్కుకుంటుంటే ఆవిడ కళ్లు మూసుకుని కూర్చున్నారు. విమానంలోకి చిట్టచివర ఎక్కినవాళ్లం మేమే.

సరుకు వచ్చింది. మిల్లు ఆడింది. బస్తాలు పడేసి పోయిన హోటళ్ల వాళ్లే పప్పు కోసం మళ్లీ మనుషుల్ని పంపారు. ఆవిడ వీపు ఎందుకు తిప్పారో మాత్రం చాలాకాలం అడగలేకపోయాను. మోకాళ్లు పట్టేసి మిల్లుకు రావడం మానేశాక, ఒకరోజు ఇంటికెళ్లి పక్కన కూర్చుని అడిగాను. "మిల్లు నాదే, అప్పు నాదే, పరువూ నాదే. నాకు తేలాలని ఎంత ఆశగా ఉందో తెలుసా? అంత ఆశతో చూస్తే మునిగింది కూడా తేలినట్టే కనపడుద్ది. అందుకని నిన్ను చూడమన్నా" అన్నారు. "మరి నేను తప్పు చెప్పి ఉంటేనండి?" "నీళ్లెక్కువయ్యాయని అన్నావే, అప్పుడు నీ మొహం చూశాగా" అని అటు తిరిగి పడుకున్నారు. నా జీవితంలో నన్ను అంతగా నమ్మిన మనిషి మరొకరు లేరు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. మిల్లులో ఇప్పుడు నాకూ వాటా ఉంది. ఈసారీ మన చేలల్లో నీళ్లు నిలిచాయి, ఈసారీ రంగూన్‌వాడు సాయంత్రం దాకానే గడువిచ్చాడు. డబ్బా మూత పెట్టి, టాక్సీ ఎక్కి సెల్వి హోటలుకు వచ్చాను. ఆమె జుట్టు నెరిసింది, నన్ను చూసి రోలు తనే కడిగి పెట్టింది. సగం పప్పు దాచి, మిగతా సగం గట్టిగా రుబ్బాను. ఉండ తీశాను. ఇది తేలాలి, ఎలాగైనా తేలాలి అని నా లోపల ఎవరో అరుస్తున్నారు. ఉండను సెల్వి అరచేతిలో పెట్టి, కుర్చీ జరుపుకుని, వీధి వైపు తిరిగి కూర్చున్నాను.

"వెయ్యమ్మా. వేసి ఏమైందో చెప్పు" అన్నాను.

నీళ్లలో చిన్న చప్పుడైంది. సెల్వి వెంటనే పలకలేదు. నేను వెనక్కి తిరగలేదు.