తన పేరుతోనే పాడిన మా మేనత్త

పోయిన సోమవారం పొద్దున ఆళ్లగడ్డ నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, అత్త పోయిందని చెప్పాడు. నంద్యాలలో బడికి బయలుదేరబోతున్న నేను సంచి చేతిలో పట్టుకునే మెట్ల మీద కూర్చుండిపోయాను. మా నాయనకు అక్క ఆమె. నలభై ఏళ్లు పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడింది. మా వైపు పాతకాలం వాళ్లు ఆ గొంతు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. అత్త పాట మొదలైంది కూడా అక్కడే. పదహారేళ్లకే క్వయర్‌లో అందరికంటే పై స్థాయిలో పాడేదట. అది విని దొర్నిపాడు నాటకాలవాళ్లు ఇంటికొచ్చి అడిగారు. తాత వద్దన్నాడు. అత్త వెళ్లి పాడి వచ్చింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఆమెను నిలబెట్టి, క్వయరో నాటకమో తేల్చుకోమన్నాడు. అంతకు వందేళ్ల కిందట ఊరూరా నాటకశాలల్లో పాడిన ఒక జర్మనీ గాయని కథను మిషన్ స్కూలు టీచరమ్మ అత్తకు చెప్పి ఉంది.

"జర్మనీలో ఆయమ్మ స్టేజీ ఎక్కితే రాజులొచ్చి కూసోని ఇన్యారంట. ఆమె కూడా ఆదివారం చర్చికి పోయిన మనిషే. ఆమెకు లేని తప్పు నాకు యాడిదప్పా?" అని అత్త సంఘపెద్దను అడిగింది.

క్వయర్‌లోంచి తీసేశారు. అత్త చర్చి మానలేదు. ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చొని పాడింది. నెల తిరగకముందే జనం క్వయర్‌ను వదిలి ఆమె వెనక పాడటం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు సంఘపెద్దే వచ్చి మళ్లీ క్వయర్‌లోకి పిలిచాడు. ఈడనే బాగుండాదని చెప్పి, చివరిదాకా ఆ చాప మీదే ఉండిపోయింది.

అహోబిలంలో ఒకసారి లక్ష్మీదేవి వేషం ఆమెది. క్రైస్తవ పేరు చూసి నిర్వాహకులు ఇబ్బందిపడి, వేరే పేరు చదువుతామన్నారు. రంగు వేసుకుంటున్న అత్త లేచి, ముఖం తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"పేరొద్దంటే గొంతూ వద్దు సామీ. రెండూ ఒక మనిషివే."

ఆ మాట విన్న ముసలి అర్చకుడొకాయన మైకు దగ్గరికి వెళ్లి, ఆమె పేరూ ఊరూ తానే చెప్పి, ఈ తల్లి పాట వినమన్నాడు. మొదటి పద్యానికే వన్స్‌మోర్‌లు పడ్డాయట. ఆయన బతికున్నన్నాళ్లూ అత్త ఏటా జీపెక్కి వెళ్లి పలకరించి వచ్చేది. ఆ ప్రయాణాల్లో గాలి తగలకుండా కొంగు గొంతుకు చుట్టుకునేది. ఎంత ఎండాకాలమైనా చల్లనీళ్లు ముట్టేది కాదు.

నాకు చిన్నప్పుడు నలుగురిలో నోరు పెగిలేది కాదు. సెలవుల్లో అత్త నన్ను పెరట్లో నిలబెట్టి, వీధి చివర అంగడాయనకు వినబడేలా నా పేరు చెప్పమనేది. నేను గొణిగితే, "గొంతు దేవుడిచ్చినాడు, సిగ్గు జనం ఇచ్చినారు. జనానిది జనానికి ఇచ్చేయ్" అనేది. ఈరోజు తరగతి నిండా పిల్లల ముందు నిలబడి పాఠం చెబుతున్నానంటే, అది ఆమె చలవే.

అరవై దాటాక గొంతులో గడ్డ తీశారు. డాక్టరు పాట మానమన్నాడు. మూడో నెలలోనే చర్చిలో పాడింది. గొంతు జీరబోయి పాట మధ్యలో తెగింది. చుట్టూ జాలి చూపులు చూసి, వినలేనివాళ్లు బయటికి పోవచ్చని చెప్పి, చరణం పూర్తి చేసింది.

అత్తను మట్టిచేసే రోజు సమాధుల తోటకు అవుకు నుంచి ఒక ముసలాయన హార్మోనియం ఒళ్లో పెట్టుకొని బస్సులో వచ్చాడు. ముప్పై ఏళ్లు ఆమె పద్యాలకు వాయించిన మనిషి. పాస్టరుగారు ప్రార్థన ముగించి కీర్తన అందుకోమన్నారు. ఆపరేషన్‌కు ముందు అత్త పాడిన శ్రుతినే ఆయన పట్టాడు. మాలో ఎవరికీ అందలేదు. కాస్త దించమని ఇప్పటి సంఘపెద్ద సైగ చేశాడు. ముసలాయన తల అడ్డంగా ఊపి, అదే మెట్టును ఇంకా గట్టిగా అదిమాడు. నల్లరేగడి మట్టికుప్ప చుట్టూ మేమంతా మెడలు పైకెత్తి, నరాలు తేలి, గొంతులు పగులుతున్నా పాడుతూనే ఉన్నాం.