క్యాన్ మూత తీసే ముందు

దయ్యాల మాటెత్తితే నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు కూడా దయ్యముందని చెప్పడం లేదు. జరిగింది చెబుతాను, మీకేమైనా అర్థమవుతుందేమో చూడండి.

మాది కోటగిరి దగ్గర పల్లె. ఎదకొచ్చిన బర్రెలకు చూడి సూది వేయడం నా పని. వీర్యం గొట్టాలు పాడవకుండా లిక్విడ్ నైట్రోజన్ పోసిన క్యాన్‌లో పెట్టుకొని, బండి మీద ఊరూరా తిరుగుతాను. మూత తీస్తే తెల్లటి పొగ వస్తుంది. వేలికి తగిలిందా, నిప్పంటుకున్నట్టే.

మా నాన్నను బాపు అంటాం. ఎండలో చెరుకు నరికిన మనిషి. చెవి అంచున ఓ మచ్చ పొరలుగా లేచింది. నిజామాబాద్‌లో డాక్టర్ పరీక్ష చేయించి, ఇంకా క్యాన్సర్ కాలేదు, వదిలేస్తే కావచ్చు అన్నాడు. ఆ మచ్చను గడ్డకట్టించి చంపడానికి ఏదో స్ప్రే కొట్టాడు. చూస్తే అదే పొగ.

"గిది నీ డబ్బల మందే గదరా!" అని బాపు నవ్వాడు.

పుండు మానింది. ఆ తర్వాత మొదలైంది.

ఓ పొద్దున బోధన్ అవతల ఓ కొట్టంలో మూత తీశానో లేదో, మా అమ్మ ఫోన్. "బాపు సెవు వట్టుకొని ఒర్లుతుండురా. ముట్టుకుంటే మంచు లెక్కున్నది!"

మర్నాడు ఇంకో ఊళ్లో మూత తీయగానే మళ్లీ ఫోన్. సూది పని లేని రోజు ఫోన్ రాదు. ఓసారి ఎవరికీ చెప్పకుండా, చెరుకు తోట పక్కన బండి ఆపి, ఊరికే మూత తీశాను. వెంటనే ఫోన్ మోగింది. ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

ఇదే పని చేసే ఓ అన్నతో నా క్యాన్ మూత తీయించి చూశాను. బాపుకు ఏమీ కాలేదు. నా చెయ్యి పడితేనే.

డాక్టర్ మా మీద కోప్పడ్డాడు. "మళ్లీ ఎక్కడ చేయించారు? ఇవి కొత్త బొబ్బలు. చెవి అంచు తరిగిపోతోంది."

"సలిగాలి కొట్టింది సారూ" అన్నాడు బాపు. నాకు ఏడుపొచ్చింది.

పని మానేస్తానన్నాను. "మాని ఏం జేస్తవ్? నా లెక్క ఎండల పడి సస్తవా?" అని తిట్టాడు. వేరే పని వెతికాను, దొరకలేదు.

ఇప్పుడు మూత తీసే ముందు ఇంటికి ఫోన్ చేస్తాను. "జర ఆగు, బాపు సెవుకు రుమాలు కట్టుకుంటుండు" అంటుంది అమ్మ. ఎందుకిలా అవుతోందో నాకిప్పటికీ తెలియదు. బర్రె యజమాని తొందరపెడుతుంటాడు.

కాసేపటికి బాపు గొంతే వినిపిస్తుంది. "ఇగ తియ్ బిడ్డా."

తీస్తాను.