పసుపు రాసిన పూల్ క్యూ

మా బావ నామీద జాలిపడుతున్నాడని నాకు తెలిసింది ఒక తేలికైన షాట్ దగ్గర. నల్ల బంతి బల్ల మూలనున్న పాకెట్ అంచున కూర్చుని ఉంది. ఊదితే పడిపోతుంది, పడితే ఆట అతనిదే. బావ వంగి, గురిచూసి, దాన్ని తప్పించాడు. తప్పించి, "అరె, పోయిందిరా బామ్మర్దీ" అని నెత్తి కొట్టుకున్నాడు. నటన రానివాడు నటిస్తే ఎంత ఘోరంగా ఉంటుందో ఆరోజు చూశాను.

బావంటే మా అక్క భర్త. నాచారం పాత ఊరివాళ్ళు. వాళ్ళ స్థలంలో కట్టిన ఇంట్లో కింద వాళ్ళుంటారు, పై వాటాలో నేనుంటాను. ఆదివారం పొద్దున ఇద్దరం ఉప్పల్‌లో టైర్ల దుకాణం మీద ఉన్న పూల్ పార్లర్‌కి వెళ్ళడం చాలా కాలంగా అలవాటు. ఇంట్లో ఎంత మంచివాడో బల్ల దగ్గర అంత దుర్మార్గుడు మా బావ. నేను ఓడితే వారమంతా మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా గుర్తుచేసేవాడు. నేనూ తక్కువ తినలేదు, గెలిచినప్పుడు వాళ్ళింటికెళ్ళి మరీ టీ అడిగి తాగేవాణ్ణి.

అలాంటిది, వానలో బండి జారి నా ఎడమ మోచెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది కానీ చెయ్యి పూర్తిగా చాపడం రాలేదు. పూల్‌లో క్యూ కర్రని పట్టి కొట్టేది కుడిచెయ్యే అయినా, బల్ల మీద దాన్ని మోసేది ఎడమచెయ్యి. అది చాచుకోకపోతే మనిషి బల్ల మీదికి ముడుచుకుపోవాలి. నాకు బంతులు పడటం మానేశాయి. బావ నన్ను వెక్కిరించడం మానేశాడు. ఈ రెండోదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. ఓడిపోవడం నాకు కొత్తేమీ కాదు, కానీ ఎదుటివాడు దయతలచి గెలిపించడం మాత్రం గొంతు దిగలేదు. బావ మళ్ళీ కసిగా ఆడాలి, నన్ను ఓడించాలని చూడాలి. నాకు కావలసిందల్లా అంతే.

పార్లర్‌లో ఎవరో చెప్పారు, పీర్జాదిగూడలో ఒకాయన మనిషిని చూసి క్యూలు చేస్తాడని. కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య, సిమెంటు దుమ్ము కొట్టుకుపోయిన రేకుల షెడ్డు ఆయనది. ఎత్తెంత అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. అక్కడున్న పాత బల్ల మీద వంగమని, నా చేతిలో ఒక ప్లాస్టిక్ పైపు పెట్టాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"గీ చెయ్యి గింతే వస్తదా అన్నా?"

"ఇంతే."

"అయితే మామూలు కర్ర నీకు పొడుగైతది. ఎనక తోక లెక్క ఊగుతది. జానెడు తగ్గిస్త, బరువు ఎనకకు ఏస్త. బంతి సక్కగ నడిమిట్ల తాకుతది, నాది గ్యారంటీ."

నాకు ప్రశ్నలు ఆగవు. మల్లాపూర్‌లో పంపుల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ విభాగం నాది, ఏ వస్తువు చూసినా ఎలా చేశారో తెలిసేదాకా నిద్రపట్టదు. మేపుల్ చెక్కే ఎందుకు? చివర తోలు టిప్పు ఎందుకు, రబ్బరు పెడితే ఏమవుతుంది? కొన్నిటికి చెప్పాడు, కొన్నిటికి "అదంతే అన్నా" అన్నాడు. చెక్కను లేత్ మీద ఒకేసారి సన్నం చెయ్యడట. కొంచెం చెక్కి, దారం కట్టి వేలాడదీసి, కొన్నాళ్ళు వదిలేస్తాడు. అప్పటికీ వంగకపోతేనే మళ్ళీ లేత్ మీదికి ఎక్కిస్తాడు. ఆ షెడ్డు కప్పుకి అలా ఎన్నో కర్రలు వేలాడుతున్నాయి. నాది ఏదని అడిగాను. "ఒంగనిది నీది" అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆఫీసు నుంచి వస్తూ దారి కాకపోయినా రెండుమూడుసార్లు వెళ్ళి చూసొచ్చాను.

ఒక శనివారం సాయంత్రం క్యూ ఇంటికొచ్చింది. మధ్యలో ఇత్తడి మరతో బిగించుకునే రెండు ముక్కలు, చెయ్యి పట్టే చోట నల్లటి రోజ్‌వుడ్. ముందు అక్కకి చూపించి, వాళ్ళ సోఫా మీద పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళాను. అదే నేను చేసిన తప్పు. మా అక్క బొట్టు పెట్టకుండా ఆ ఇంట్లో ఏ కొత్త వస్తువూ వాడకంలోకి రాదు. వాషింగ్ మెషిన్, గీజరు, బావ కొన్న డ్రిల్లింగ్ మిషన్, అన్నిటికీ అయింది. తిరిగొచ్చేసరికి రోజ్‌వుడ్ మీద పసుపు, కుంకుమ. అక్కడితో ఆగినా బాగుండేది. టిప్పుకి కూడా ముద్దగా తడి పసుపు పట్టించింది.

"అక్కా! గా కొసకెందుకు పెట్టినవ్?"

"బంతిని ముందుగాల తాకేది అదే గదరా. దానికి పెట్టకుంటే ఇంక దేనికి పెట్టాలె?"

గుడ్డతో ఎంత తుడిచినా తోలు అప్పటికే పసుపునీళ్ళు పీల్చుకుంది. ఆ కోపంలో రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు పార్లర్‌లో క్యూ చేతికి హాయిగా ఉంది. వెనక ఊగడం లేదు. కొట్టాను. బంతి పోలేదు. మళ్ళీ కొట్టాను, పోలేదు. గ్యారంటీ అన్న మనిషి మీద, పసుపు పెట్టిన అక్క మీద, నా చెయ్యి మీద, అందరి మీదా మంట పుట్టింది. ఇక ఈ ఆట నాకు లేదేమోనని మొదటిసారి భయపడ్డాను. బావ తన వంతు రాగానే షరా మామూలుగా తేలిక బంతి తప్పించి, క్యూతో కొట్టే తెల్ల బంతిని చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఏందిరా గిది? బంతికి గూడ బొట్లు పెడ్తున్నవా? మా ఇంటిదానికి తగ్గ తమ్మునివి."

తెల్ల బంతి నిండా ఆకుపచ్చ చుక్కలు. టిప్పు జారకుండా దాని మీద రాసే చాక్ నీలం, కింద ఉన్నది పసుపు. రెండూ కలిశాయి. బావ జేబురుమాలు తీశాడు.

"తుడవకు బావా!" అని అరిచాను. పక్క బల్ల వాళ్ళు కూడా ఆగి చూశారు.

ఫ్యాక్టరీలో మేము చేసే పని ఇదే. రెండు భాగాలు సరిగ్గా ఆనుతున్నాయో లేదో తెలియాలంటే ఒకదానికి నీలంరంగు పూసి రెండోదానికి ఆనిస్తాం. రంగు ఎక్కడ అంటితే అక్కడ తగులుతున్నట్టు. రోజూ చేసే పని, ఇక్కడ తట్టలేదు. తెల్ల బంతికి తలాతోకా తెలియదు కాబట్టి, పదో నంబరు బంతి తీసుకుని, అంకె నావైపు నిటారుగా కనపడేలా పెట్టాను. సరిగ్గా ఆ అంకె మీదికే గురిపెట్టి కొట్టాను. బావ బంతి తెచ్చిచ్చాడు. మచ్చ అంకెకు కుడిపక్కన పడింది. తుడిచి మళ్ళీ కొట్టాను. మళ్ళీ అక్కడే. ఎన్నిసార్లు కొట్టినా అక్కడే.

చెయ్యి పాడైపోతే మచ్చలు చెల్లాచెదురుగా పడాలి కదా! ఇవి ఒకేచోట పడుతున్నాయి. అంటే నా చెయ్యి చెప్పినట్టే వింటోంది. నేనే నిలబడకూడని చోట నిలబడుతున్నాను. మోచెయ్యి ముడుచుకున్నాక నా ఛాతీ పక్కకి తిరిగింది, పాదాలు మాత్రం పాత చోటే ఉండిపోయాయి.

కుడికాలు కొంచెం వెనక్కి జరిపాను. బావ బల్లకి అటువైపు గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. "జర ఇటు. ఇంకొంచెం. గట్ల కాదురా, మడమ." మచ్చ కొద్దికొద్దిగా లోపలికి జరిగింది. బల్ల మీది గుడ్డ కూడా ఆకుపచ్చదే కాబట్టి మా నిర్వాకం పార్లర్ యజమాని కంట పడలేదు. చివరికి మచ్చ సరిగ్గా అంకె మీద పడింది.

"ఆట పెట్టు" అన్నాను.

అందులో నా బంతులు వరసగా మూడు పడ్డాయి. నాలుగోది తప్పింది కానీ వెంట్రుకవాసిలో తప్పింది. బావ టీ గ్లాసు కింద పెట్టాడు. బల్లని చూశాడు, నన్ను చూశాడు. అతని ముందు మళ్ళీ ఒక తేలిక బంతి ఉంది. దాని జోలికే పోలేదు. తెల్ల బంతిని మెల్లగా తోసి, తన బంతుల గుంపు వెనక దాచేశాడు. నాకు కొట్టడానికి ఒక్క బంతీ కనబడదు. ఎదుటివాడు గెలుస్తాడని నిజంగా భయం వేసినప్పుడే ఎవరైనా ఇలా దారి మూస్తారు. నా చెయ్యి విరిగాక బావ నామీద ఒక్కసారి కూడా ఈ పని చెయ్యలేదు.

"గిదేంది బావా, జర సందన్న ఉంచవా?"

"ఉంచితే నువ్వు ఏసేస్తవ్ గద."

కొట్టాను, తగల్లేదు. ఆ తర్వాత బావ ఒక్క బంతి కూడా వదలకుండా అన్నీ వేసి, నల్లబంతిని పాకెట్ అదిరేలా కొట్టి, "పోరా బామ్మర్దీ, ఇంటికి పోయి మీ అక్కకు చెప్పుకొని ఏడువ్" అని పార్లరంతా వినబడేలా అరిచాడు. నాకు నిజంగానే కళ్ళలో నీళ్ళొచ్చాయి. అతనికి కనబడకుండా బల్ల మీదికి వంగి, ఇంకో ఆటకి బంతులు పేర్చాను.