ఇంగ్లీషులో చెప్పిన తప్పు

నా చిన్నప్పుడు జమ్మలమడుగులో మాది మగ్గాల వీధి. తెల్లవారితే చాలు, పక్కింటి నేత తాత వీధి పొడవునా పడుగు సాగదీసి, నూలుపోగులకు గంజి పట్టించి కుంచెతో దువ్వేవాడు. ఎండ ముదిరేలోగా ఆ పని అయిపోవాలి. అంతవరకూ పిల్లలమందరం గోడవారగా నడవాల్సిందే.

ఒక ఏడు నన్ను ప్రొద్దుటూరులో ఇంగ్లీషు బడిలో వేశారు. సెలవులకు వచ్చానో లేదో, బాడుగ సైకిలెక్కి నేరుగా పడుగు మీదికే తోలాను. బోలెడు పోగులు పుటుక్కున తెగిపోయాయి. తాత కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను సైకిలైనా దిగకుండా, బడిలో నేర్పిన "ఐ యామ్ వెరీ సారీ" అనే ముక్క వయ్యారంగా అనేసి వెళ్లిపోయాను. తాత నవ్వాడు. అరుగుల మీదివాళ్లు "అబ్బో, పాప ఇంగ్లీషు మాట్లాడతాందే!" అన్నారు. నేను మురిసిపోయాను. ఛీ! తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

మా మేనత్త మిద్దె మీది నుంచి అంతా చూసింది. జబ్బ పట్టుకుని లాక్కెళ్లి తాత ముందు నిలబెట్టింది.

"తెలుగులో చెప్పు. ఆయప్పకు అర్థమయ్యేటట్ల చెప్పు."

ఇంగ్లీషులో జారిపోయిన మాట తెలుగులో గొంతు దాటదే! ఎండ ఎక్కుతోంది. గంజి ఆరేలోగా పోగులు అతకకపోతే ఆయన పదిరోజుల కష్టం మట్టిపాలు. తాత వంగి ఒక్కో కొసా వెతుక్కుంటున్నాడు. అది చూసి ఏడుపొచ్చింది.

"తప్పయిపాయ తాతా," అన్నాను.

ఆయన తలెత్తాడు. "ఇందాక నువ్వు చెప్పింది ఇదేనా పాపా? నేనేందో బడిలో నేర్చుకున్న పద్యం అనుకుంటి."

కాదన్నట్టు తలాడించాను. ఇందాక నేను చెప్పింది ఇది కాదు మరి. తాత "ఈడ కూసో" అని పక్కన చోటిచ్చి, కొసలు కలిపి నులమడం చూపించాడు. నేను అతికినవాటిలో సగం ఊడిపోయాయి. అయినా మళ్లీ చూపించాడు.

ఇప్పుడు మా ఇంట్లో కాలు తొక్కినా సారీ, పెళ్లికి రాకపోయినా సారీ, మనిషి పోయినా ఫోనులో సో సారీ. నేనైతే ఎవరికైనా నష్టం చేస్తే ముందు వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను. ఆ తాతలాగా వాళ్లు కాస్త చోటిస్తే, అప్పుడు తెలుగులోనే చెబుతాను.